చెప్పని మాట, వేరు పొయ్యి

"నా ఖాతా మీద రాసి పైకి పంపింది నువ్వా, ఇంకోళ్ళా? ఆ ఒక్క ముక్క చెప్పు చాలు."

కిషోర్‌బాబు ఆ మాట అడగడం, ఉషశ్రీ తల వంచుకుని సంచీ సర్దుకోవడం, పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఇదే వరస.

నిన్న మధ్యాహ్నం జగ్గయ్యపేట బజార్లో, పురుగుమందుల కొట్టు ముందు, నలుగురూ చూస్తుండగా అతను ఫోన్లో కట్టబోయిన డబ్బు వెళ్ళలేదు. బ్యాంకుకి పరిగెత్తితే మీ ఖాతా ఆపేశామన్నారు. ఎందుకయ్యా అంటే పైనుంచి వచ్చిన ఆదేశం అన్నారు. ఆ బ్యాంకులోనే అతని తమ్ముడి భార్య ఉషశ్రీ ఆఫీసరు. ఆవిడ ఉద్యోగం కూడా అలాంటిలాంటిది కాదు. దొంగసొమ్ము పెద్దమనిషి వేషం వేసుకుని ఖాతాల్లోకి ఎలా దూరుతుందో, దాన్ని ఎలా పసిగట్టాలో, పసిగట్టాక ఎలా ఆరా తీయాలో బ్యాంకు సిబ్బందికి ఊరూరా తిరిగి నేర్పడం. అనుమానం రావడానికి ఇంతకంటే ఏం కావాలి?

"నేను చెప్పలేను బావగారూ," అంది ఉషశ్రీ.

"తెలీదా, చెప్పవా?"

"అది కూడా చెప్పలేను."

"విన్నావా అమ్మా!" కిషోర్‌బాబు తల్లి వైపు తిరిగాడు. "తెలీదంటే ఒక దణ్ణం పెట్టి ఊరుకుంటా. తెలుసు, చెప్పనంటే కనీసం తిట్టుకుంటా. రెండూ కాదంట. ఇదెక్కడి చోద్యం?"

సీతారావమ్మ వాలుకుర్చీలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుని ఉంది. నిన్నటి నుంచి ఆవిడ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కోడలు కాఫీ పట్టుకెళితే గ్లాసు వంక చూడలేదు, కోడలి వంక అసలే చూడలేదు.

నిజానికి పైకి పంపింది ఉషశ్రీ కాదు. ఖాతా ఆగిన సంగతి ఆమెకి కూడా అందరితోపాటే తెలిసింది. "నేను కాదు" అన్న రెండు మాటలు పెదవి దాటితే ఈ రభస అంతా ఆమె నెత్తి మీద నుంచి దిగిపోతుంది. కానీ వెంటనే ఇంకో ప్రశ్న పుడుతుంది, మరెవరు అని. జగ్గయ్యపేట శాఖలో అలాంటివి చూసే మనిషి ఒక్కతే ఉంది. సంహిత. నిరుడు ఉషశ్రీ దగ్గర కూర్చుని పని నేర్చుకున్న పిల్ల. "నేను కాదు" అన్న మరుక్షణం బావగారి మోటార్ సైకిలు తిన్నగా ఆ పిల్ల కౌంటరు ముందు ఆగుతుంది. పైగా ఎవరి ఖాతా గురించి పైకి రాశారో, ఎవరు రాశారో, అసలు రాశారో లేదో ఖాతాదారుకి చెప్పడమే నేరం. ప్రతి క్లాసులోనూ ఉషశ్రీ బల్ల గుద్ది చెప్పే మాట అది. ఇప్పుడు ఆ మాట ఆమె ఇంట్లోనే ఆమెకి పరీక్ష పెట్టింది.

కాబట్టి నింద నెత్తినేసుకుని ఊరుకుంది. ఇంత మొండి మనిషిని కోడలిగా తెచ్చుకున్నందుకు ఆ ఇల్లు గర్వపడాలి. ఆ పూటకి మాత్రం ఎవరికీ ఆ తీరిక లేదు.

"అది సుబాబుల్ డబ్బు," అన్నాడు కిషోర్‌బాబు. "తోట అమ్ముకున్న రైతుకి డబ్బు రాదా? అదీ నేరమేనా?"

ఉషశ్రీ నేల చూపులు చూసింది. చిల్లకల్లు దగ్గర పేపరు మిల్లు కర్ర కోసం పెంచే వాళ్ళ సుబాబుల్ తోట నిరుడు వేసవిలో కొట్టించారు. ఇప్పుడా మోళ్ళు మళ్ళీ చిగిర్చి మనిషెత్తు అయ్యాయి. నందిగామ వెళ్ళే బస్సు కిటికీలోంచి రోజూ చూస్తూనే ఉంది. ఆ మాట కూడా ఆమె పైకి అనలేదు.

అప్పటిదాకా గుమ్మం దగ్గర హెల్మెట్ పట్టుకుని నిలబడ్డ ఉషశ్రీ మొగుడు వీరేంద్ర, "పోనీలే అన్నయ్యా, ఉద్యోగం అన్నాక..." అని ఏదో అనబోయాడు.

"నువ్వు నోరు మూసుకో," అంది సీతారావమ్మ. ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే. తర్వాత మెల్లిగా కోడలి వైపు చూసింది. "అమ్మాయ్, మీ మావగారు పోయినా ఈ ఇంట్లో ఇద్దరన్నదమ్ములూ ఒక్క కంచంలో తిన్నట్టు తింటున్నారు. ఒకే పొయ్యి. నా కొడుకు పరువు బజార్లో పోతే, ఎందుకు పోయిందో ఇంట్లో మనిషికి తెలిసీ చెప్పదంటే, ఇంక ఆ మనిషి ఇంట్లో మనిషేనా? సాయంత్రం దాకా చూస్తా. అప్పటికీ చెప్పకపోతే ఈ ఇంట్లో పొయ్యిలు రెండు."

కిషోర్‌బాబు కూడా ఆ మాటకి గతుక్కుమన్నాడు. వేరుపడటం అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ సరదాకి కూడా అనరు.

ఉషశ్రీ చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి ఏదో చేతికి తగిలింది. చూస్తే టిఫిన్ బాక్సు. సీతారావమ్మ అటు తిరిగి నిలబడే బాక్సు అందించింది. తను తినకపోయినా, కోడలితో మాట్లాడకపోయినా, లేచి అన్నం వండి బాక్సు కట్టింది. కోపంలో కూడా మనుషుల్ని పస్తు పెట్టే అలవాటు లేదు ఆవిడకి.

బస్టాండు దాకా వీరేంద్ర బండి మీద దించాడు. అక్కణ్ణించి అతను ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీకి షిఫ్టుకి పోవాలి. బస్సు రాబోతుంటే అడిగాడు.

"నాక్కూడా చెప్పకూడదా?"

"మీక్కూడానండి."

"ఒక్క మాట. అన్నయ్య ఏమన్నా తప్పు చేశాడా?"

ఉషశ్రీ అతని మొహంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని దగ్గర దాచిన మాట ఒక్కటి లేదు. తల అడ్డంగానూ ఊపలేదు, నిలువుగానూ ఊపలేదు.

వీరేంద్ర బస్సెక్కి కిటికీ పక్క సీట్లో ఆమె సంచీ పెట్టి దిగాడు. "అమ్మ సంగతి నేను చూసుకుంటా. నువ్వు క్లాసు బాగా చెప్పు," అన్నాడు. ఆ మాటకి ఉషశ్రీకి ఏడుపొచ్చింది. బస్సు చిల్లకల్లు దాటేదాకా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. సుబాబుల్ చెట్లు వచ్చినప్పుడు మాత్రం కిటికీ వైపు చూడలేదు.

నిన్న సంగతి తెలియగానే ఆమె ఒక పని చేసింది. విజయవాడ ఆఫీసులో ఇలాంటి వ్యవహారాలన్నీ చూసే రామబ్రహ్మం గారికి నాలుగు ముక్కలు రాసి పంపింది. ఆ ఖాతాదారు మా బావగారు, ఆ ఫైలు నా కంట పడనివ్వకండి, దాని గురించి నన్నేమీ అడగకండి, నాకేమీ చెప్పకండి అని. ఆయన వెంటనే ఫోన్ చేసి, "ఇంట్లో పరిస్థితి ఎలా ఉందమ్మా?" అన్నారు. "బాగానే ఉందండి," అంది. ఆయన నమ్మలేదు. కానీ రెట్టించనూ లేదు.

నందిగామ శాఖ మేడ మీద గదిలో క్లాసు. చుట్టుపక్కల శాఖల నుంచి వచ్చిన సిబ్బంది ప్లాస్టిక్ కుర్చీల్లో సర్దుకున్నారు. ముందు వరసలో చివర సంహిత. ఉషశ్రీ లోపలికి రాగానే ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఉషశ్రీ క్లాసు చెప్పే తీరు ఒకసారి చూడాల్సిందే. కంప్యూటరు తెరవదు. చట్టాల పేర్లు చదవదు. ఆ పనులు తర్వాత ఎవరైనా చేస్తారంటుంది. ముందు మనిషి ఏడాది చెప్పమంటుంది.

"మిర్చి రైతు ఏడాది చెప్పండి."

"కోతలు జనవరి నుంచండి. వేసవిలో డబ్బు కనబడుద్ది. వానాకాలం మళ్ళీ అప్పులే," అన్నారెవరో.

"బడి పంతులు గారి ఏడాది?"

"ఒకటో తారీఖు జీతం, పదో తారీఖుకి సున్నా," అన్నాడు వెనక నుంచి ఉదయభాస్కర్. పాతికేళ్ళ సర్వీసున్న క్యాషియరు. అతని భార్య టీచరు. గదంతా నవ్వింది.

"సిమెంటు లారీ డ్రైవరు?"

"డీజిలు, టోలుగేటు, రోడ్డు మీద భోజనం, పండక్కి ఇల్లు."

"అంతే. మనిషికో ఏడాది ఉంటుంది. ఆ మనిషి ఖాతాకి కూడా అదే ఏడాది ఉండాలి. ఖాతా ఒక పాట, మనిషి ఇంకో పాట పాడుతుంటే అక్కడ ఆగండి. ఆగి మర్యాదగా అడగండి. వచ్చిన జవాబు మీ మనసుకి పట్టకపోతే రాసి పైకి పంపండి. పంపాక మర్చిపోండి. మీ నీడక్కూడా చెప్పకండి."

ఉదయభాస్కర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అంతా బానే ఉంది గానీ మేడం, మనం బ్యాంకోళ్ళమా, పోలీసులమా? పొద్దున్నే దణ్ణం పెట్టి పలకరించే కస్టమరు మీద మనమే రాస్తే ఆ మనిషి మొహం మళ్ళీ ఎట్టా చూడాలి?"

"పోలీసులు అంతా అయిపోయాక వస్తారు భాస్కర్ గారూ. జరుగుతుండగా చూసేది మనమే. ఎవడో ముసలాయన పెన్షన్ డబ్బు ఫోన్లో ఊడ్చేస్తారు. ఆ డబ్బు పది చేతులు మారుద్ది. ఆ పది చేతుల్లో ఒకటి మన కౌంటరు ముందు నిలబడి మనకే దణ్ణం పెడుద్ది. అది దొంగసొమ్మని ఆ మనిషికి కూడా తెలియకపోవచ్చు. మనం చూడకపోతే ఇంకెవరు చూస్తారు?"

ఉదయభాస్కర్ తల ఊపాడు. కానీ ఊరుకోలేదు.

"అన్నీ చెప్పారు గానీ మన మెట్టలో ఎక్కువగా ఉన్న రైతు సంగతి వదిలేశారు. సుబాబుల్ రైతు ఏడాది చెప్పలేదేం?"

అతను మామూలుగానే అడిగాడు, పాపం. కానీ ముందు వరసలో సంహిత తల వంచేసుకుంది. ఉషశ్రీ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఈ ఒక్క రోజుకి ఆ తోటని దాటేద్దామనుకుంది. రేపటి క్లాసులో చెప్పుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకే సిగ్గేసింది.

బోర్డు వైపు తిరిగి పెద్ద అక్షరాలతో సుబాబుల్ అని రాసింది.

"సుబాబుల్ రైతుకి మూడేళ్ళు కలిపి ఒక ఏడాది," అంది. "తోట కొడతారు. కర్ర పేపరు మిల్లుకి పోతుంది. డబ్బు ఒకసారి వస్తుంది. మళ్ళీ మోళ్ళు చిగిర్చి, పెరిగి, కోతకొచ్చేదాకా ఆ ఖాతాలో సుబాబుల్ డబ్బు ఉండదు. ఊరూపేరూ తెలియని చోట్ల నుంచి రోజూ పొద్దున పడి, సాయంత్రానికల్లా బయటికి పోయే డబ్బు ఏ ఖాతాలో కనిపించినా, ఆ రైతు ఎంత పెద్దమనిషైనా, మీకెంత కావలసినవాడైనా, అది తోట డబ్బు మాత్రం కాదు."

ఒక్కో మాటా తన ఇంటి మీదే రాయిలా పడుతోందని తెలిసి కూడా, ఒక్క మాట మింగకుండా పాఠం మొత్తం చెప్పింది. ఆ గదిలో ఆ సంగతి తెలిసింది ఇంకొక్క మనిషికే. ఆ మనిషి చున్నీ అంచు కొరుక్కుంటూ కూర్చుంది.

తర్వాత అభ్యాసం. ఖాతాదారుని నొప్పించకుండా ఎలా అడగాలో ఆడి చూపించాలి. కస్టమరు వేషం ఎప్పుడూ ఉషశ్రీదే. ఆఫీసరు వేషానికి ఎవరూ లేవకపోతే సంహితే లేచి నిలబడింది.

ఉషశ్రీ కుర్చీ ఈడ్చుకుని కూర్చుంది. పొద్దుట్నించీ చెవుల్లో మోగుతున్న గొంతే బయటికొచ్చింది. "ఏం అమ్మాయ్, నా డబ్బు, నా ఖాతా. తోట అమ్ముకున్న రైతుకి డబ్బు రాదా? అదీ నేరమేనా? అడగటానికి నువ్వెవరు?"

అందరూ నవ్వారు. మేడం భలే యాక్షన్ చేస్తారు అనుకున్నారు. సంహిత నవ్వలేదు.

"కూర్చోండి బాబాయ్ గారూ, మంచినీళ్ళు తాగండి," అంది. "మిమ్మల్ని అనేంతదాన్నా? మా దగ్గరున్న వివరాలు పాతవైపోయాయి, సరిచేసుకుందామని. ఈ మధ్య కొత్త వ్యాపారం ఏమన్నా పెట్టారాండి?"

"లేదు. వ్యవసాయమే."

"డబ్బు పంపేవాళ్ళంతా తెలిసినవాళ్ళేనాండి?"

"తెలిసినవాళ్ళే! అయితే?"

"అయితే ఏం లేదండి." సంహిత ఒకడుగు దగ్గరికి వచ్చింది. "ఈ ఖాతా మీరొక్కరే వాడతారా బాబాయ్ గారూ, నమ్మకం కొద్దీ ఎవరికన్నా ఇచ్చారా? ఇస్తే తప్పు మీదని కాదు. మనూళ్ళల్లో అడిగితే లేదనలేం కదండీ."

అది ఆమె నేర్పిన ప్రశ్న కాదు. కోపంగా వచ్చిన మనిషిని దొంగని చేయకుండా, నిజం చెప్పుకోవడానికి ఒక తలుపు తెరిచి పెట్టే ప్రశ్న. తను పొద్దున ఇంట్లో నోరు కట్టేసుకుని నిలబడింది తప్ప, ఇంత దయగా ఒక తలుపు తెరవచ్చని తట్టలేదు.

"ఇది ఎవరు నేర్పారు?" అంది, వేషం వదిలేసి.

"ఎవరూ లేదండి. నేనే అనుకున్నా."

నేర్పినవాళ్ళకి ఇంతకంటే పండగ ఉండదు.

భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక సంహిత దగ్గరకొచ్చి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. "మేడం, మీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు నాకు తెలీదండి, వాళ్ళు మీ..."

"వద్దు." ఉషశ్రీ చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ మాట నాకు చెప్పకూడదు. నేను వినకూడదు."

"మీరు నా మీద కోపంగా ఉన్నారేమోనని..."

బాగా చేశావే పిల్లా అని వీపు తట్టాలని ఎంత ఉందో ఆమెకి! కానీ ఆ తట్టడం కూడా చెప్పడమే అవుతుంది. ఏం చేయాలో తోచక టిఫిన్ బాక్సు తెరిచింది. సీతారావమ్మ పెట్టిన గోంగూర పచ్చడి, పైన ఉల్లిపాయ ముక్కలు. సగం అన్నం, సగం పచ్చడి మూతలోకి తీసి ఆ పిల్ల ముందు పెట్టింది.

"తిను," అంది.

సంహిత ముద్ద కలుపుకుని తింది. రెండో ముద్దకి ఏడ్చేసింది. ఉషశ్రీ మంచినీళ్ళ సీసా జరిపింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి హాలు మధ్యలో అట్టపెట్టె ఉంది. మీద రెండు బర్నర్ల స్టవ్ బొమ్మ. కిషోర్‌బాబు తల్లి మాట ప్రకారం కొనుక్కొచ్చి పెట్టి మళ్ళీ బయటికెళ్ళాడు. వీరేంద్ర ఇంకా షిఫ్టు నుంచి రాలేదు. ఇంట్లో సీతారావమ్మ ఒక్కతే ఉంది, ఆ పెట్టె పక్కనే చాప మీద.

ఉషశ్రీ పెట్టె చూసింది. అయినా గోడకి ఆనుకుని, "అత్తయ్యా, నేను చెప్పలేను," అంది. "మీరు నన్ను వేరు పెట్టినా సరే. మీ మీద ప్రేమ లేక కాదు."

సీతారావమ్మ చాప మీద కొంచెం పక్కకి జరిగింది. ఉషశ్రీ వెళ్ళి పక్కన కూర్చుంది.

"నువ్వు చెప్పొద్దులే," అంది సీతారావమ్మ. "నేనే ఒకటి అడుగుతా. ఖాతా పెద్దోడిదొక్కటే ఆపుతారా, అట్టాంటియ్యన్నీ ఆపుతారా?"

"ఎలాంటివి అత్తయ్యా?"

ఆవిడ గొంతు తగ్గించింది. "మన వరప్రసాదరావు లేడూ..."

వరప్రసాదరావు అంటే ఊరందరికీ కావలసిన మనిషి. సుబాబుల్ తోటలు బేరమాడి, కొట్టించి, మిల్లుకి లారీలెత్తించే వ్యాపారి. సీతారావమ్మని అక్కయ్యా అని పిలుస్తాడు. మావగారు పోయిన రోజు పాడె మోసిన నలుగురిలో ఒకడు.

"తన ఖాతాలో ఏదో ఇబ్బందంట, కొన్నాళ్ళు వాడుకుంటానని పెద్దోడి కార్డూ, దాని పిన్ నంబరూ అడిగాడు. ఎవరన్నా స్ప్రేయరు అడిగితే ఇవ్వమా? ఆయిలింజను అడిగితే ఇవ్వమా? పాడె మోసిన మనిషి బ్యాంకు కార్డు అడిగితే లేదంటామా? పెద్దోడు ఇచ్చాడు. తర్వాత నన్ను కూడా అడిగాడు. నేనూ ఇచ్చా."

ఉషశ్రీ అత్తగారి వైపు తిరిగి కూర్చుంది.

"ఊరికే ఇచ్చా అమ్మాయ్. పైసా తీసుకోలా. అప్పుడప్పుడూ చీరలు తెచ్చేవాడు, తమ్ముడు పెట్టాడులే అనుకున్నా. నా చిన్న ఫోనుకి రోజంతా టింగు టింగుమని మెసేజీలు. ఆ గోల పడలేక బియ్యం డబ్బాలో పెట్టేశా. ఇందాక పెద్దోడు స్టవ్ పట్టుకొచ్చి ఇక్కడ పడేశాక, బియ్యానికని మూత తీస్తే ఇంకా మోగుతానే ఉంది. అప్పుడు వెలిగింది నాకు."

ఉషశ్రీ ఆవిడ చేతులు పట్టుకుంది. అత్తగారి చేతులు అంత చల్లగా ఉండటం ఆమె ఎప్పుడూ ఎరగదు.

"ఈ స్టవ్ రేపే తిరిగిచ్చేయమంటా," అంది సీతారావమ్మ. "నువ్వు నా కోడలివి, ఈ ఇంటి మనిషివి. నిన్ను అన్నందుకు నా నోరు పడిపోవాలి. కానీ ఒక్కటి. ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి. పెద్దోడికి కూడా తెలీదు నేనిచ్చిన సంగతి. ఈ వయసులో నన్ను కూడా బజారుకీడవకు తల్లీ. ఎవరికీ చెప్పకు."

పొద్దుట్నించీ ఇల్లంతా చెప్పు చెప్పు అని పీకల మీద కూర్చుంది. ఉషశ్రీ చెప్పలేదు. ఇప్పుడు ఇంటికి పెద్ద దిక్కు, మొదటిసారి ఆమెని బతిమాలుకుంటూ, చెప్పొద్దని అడుగుతోంది.

ఊఁ అంటే చాలు. అట్టపెట్టె గడప దాటి పోతుంది.

"అత్తయ్యా," అంది ఉషశ్రీ. కళ్ళలో నీళ్ళు ఆగడం లేదు. "నేను చెప్పాలి. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాలి."

సీతారావమ్మ చేతులు వెనక్కి తీసుకుంది.

"బియ్యం డబ్బాలో ఫోన్ మోగిన ప్రతిసారీ ఎక్కడో ఎవరి డబ్బో పోతున్నట్టు లెక్క. మనలాంటి ఇంట్లోనే, మీలాంటి ఆవిడదే. విన్నాక నేను ఊరుకుంటే, పొద్దున నేను ఊరుకున్నది ఉద్యోగ ధర్మం కాదు, ఉత్త భయం అయిపోద్ది. మీరు నమ్మి ఇచ్చారని కూడా చెప్తా. మీ పక్కనే నిలబడతా. కానీ చెప్పకుండా మాత్రం ఉండలేను."

"నన్ను కూడానా?"

"మిమ్మల్ని కూడానత్తయ్యా."

ఆవిడ కోడలి మొహం కేసి అలాగే చూస్తూ కూర్చుంది. ఆ చూపులో కోపం ఉందో, ఇంకేముందో ఉషశ్రీకి అందలేదు.

అంతలో గేటు చప్పుడైంది. కిషోర్‌బాబు మోటార్ సైకిలు, దాని వెనక ఒక కారు. "సీతారావమ్మక్కయ్యా!" అంటూ తెల్లచొక్కా, చేతిలో పళ్ళ సంచీ, వరప్రసాదరావు మెట్లెక్కుతున్నాడు. "పెద్దోడు చెప్పాడు. ఖాతాలదేముంది, నేనున్నాగా! అసలు బ్యాంకులో ఏం జరిగిందో మన కోడలమ్మాయినే అడుగుదామని వచ్చా."

అత్తగారితో, ఆయన ముందు ఏమీ అనకండి అని కూడా అనకూడదు ఉషశ్రీ, అదీ ఆరా సంగతి బయటపెట్టడమే. కంటితో సైగ చేయకూడదు. ఇప్పుడు ఏం బయటికొచ్చినా ఆ పెద్దావిడ నోటి నుంచే రావాలి. మనసులో మాట దాచుకోవడం జన్మలో ఎరగని నోరు అది.

సీతారావమ్మ మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. పైట సర్దుకుంది.

"రావయ్యా వరప్రసాదూ, కూర్చో," అంది. "ఇంతదూరం వచ్చి ఖాళీ కడుపుతో పోతావా ఏంటి? భోంచేసి పోవాల్సిందే. వంకాయ కూర చేస్తా. పెద్దోడా, ఆ కుర్చీ ఇట్టా లాగు."

తర్వాత కోడలి వైపు చూడకుండానే, "అమ్మాయ్, ఎవరికో ఫోన్ చేసుకోవాలన్నావుగా. పెరట్లో సిగ్నల్ బాగుంటుంది. వెళ్ళి చేసుకో," అంది.

ఉషశ్రీకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక వంటింట్లోంచి పెరట్లోకి వచ్చి, కరివేపాకు చెట్టు పక్కన నిలబడి నంబరు నొక్కింది. లోపల అత్తగారి గొంతు ఎప్పటికంటే గట్టిగా వినిపిస్తోంది. వరప్రసాదరావు తమ్ముడి కూతురి సంబంధం సంగతి అడుగుతోంది.

"చెప్పమ్మా ఉషశ్రీ," అన్నారు అవతల రామబ్రహ్మం గారు.

"సార్, ఇంకో ఖాతా గురించి ఇప్పుడే తెలిసింది. ఇంకా నడుస్తోంది. వెంటనే చూడాలి."

"ఎవరి పేరు మీద?"

లోపల కుర్చీ జరిగిన చప్పుడు. "కోడలమ్మాయి ఎవరితో మాట్లాడుతోందక్కయ్యా?" అన్నాడు వరప్రసాదరావు. అడుగులు వంటింటి వైపు వస్తున్నాయి.

ఉషశ్రీ తలుపు వైపు తిరగలేదు.

"సీతారావమ్మ," అంది. "మా అత్తగారండి."